లేయర్ షెడ్డుకి ఏ రంగు బల్బులు వేయాలి: ఎరుపా, తెలుపా, నీలమా?

గుణుపురం_లేయర్

నమస్కారం అండీ. గుణుపురం పక్కన మాది ఓపెన్ షెడ్డు. పొడవు 120 అడుగులు, వెడల్పు 24. మూడంతస్తుల కేజ్‌లు రెండు వరసలు, నడవలు మూడు. బీవీ-300 అనే గుడ్ల రకం పెట్టలు 3000 ఉన్నాయి, ఆగస్టులో దింపిన పిల్లలు, ఇవాళ్టికి 18 వారాలు నిండాయి. నిన్న 100 కోళ్ళని తూచితే సగటు 1240 గ్రాములు వచ్చింది. వాటిలో 83 కోళ్ళు సగటుకి 10 శాతం అటూ ఇటూలోనే ఉన్నాయి. ఇంకా గుడ్డు పడలేదు. ఇప్పటిదాకా పగటి వెలుతురు తప్ప లైటు ఇవ్వలేదు.

వచ్చే వారం లైటింగు మొదలుపెట్టాలి. పాత బ్యాచ్‌కి వేసిన 9 వాట్ల తెల్ల ఎల్ఈడీ బల్బులు 15 ఉన్నాయి, డబ్బా మీద 6500 కె అని ఉంది. బల్బుల షాపులో అడిగితే ఎర్ర బల్బులు వేస్తే గుడ్లు పెరుగుతాయి, మొత్తం మార్చేయమంటున్నారు. రాయగడ వైపు ఒక ఫారంలో నీలం, ఆకుపచ్చ వేశారు, కోళ్ళు గోల చేయకుండా ఉంటాయట. ఇందులో ఏది నిజం? అంతా ఎరుపు వేయాలా, సగం సగం వేయాలా? ఎన్ని బల్బులు, ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

---

వంశధార_పశువైద్యం

బరువు, సమానత్వం రెండూ బాగున్నాయి బాబూ. బ్రీడర్ చార్టులో, అంటే ఆ జాతి కంపెనీ ఇచ్చే పట్టికలో, 18 వారాల బరువుతో ఒకసారి సరిచూసుకుని మొదలుపెట్టండి. బరువు రాని మందకి లైటు ఇస్తే గుడ్డు ముందే వస్తుంది కానీ చిన్నదే వస్తుంది, గుదం బయటికి జారే కేసులూ పెరుగుతాయి. కాబట్టి వయసు కన్నా బరువే ముందు చూడాలి.

ఇక రంగు సంగతి. షాపువాళ్ళు చెప్పినదాంట్లో నిజం ఉంది, కానీ అది మీ షెడ్డుకి వర్తించే తీరు వేరు.

కోడి వెలుతురుని రెండు దారుల్లో పట్టుకుంటుంది. ఒకటి కన్ను. రెండోది నేరుగా మెదడు: హైపోథాలమస్ దగ్గర కాంతిని గుర్తించే కణాలు ఉంటాయి, పుర్రె గుండా లోపలికి చేరిన వెలుగు వాటికి తగులుతుంది. గుడ్డు పెట్టించేది ముఖ్యంగా ఈ రెండో దారి. ఆ కణాలు స్పందిస్తే పిట్యూటరీ నుంచి ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లు విడుదలై అండాశయంలో సొనలు పెరుగుతాయి. ఫ్రాన్స్‌లో జాక్ బెన్వా 1930లలోనే బాతుల మీద చూపించాడు, కళ్ళు లేని బాతులు కూడా వెలుతురుకి స్పందిస్తాయని. 2014లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూపు పోయే జన్యులోపం ఉన్న స్మోకీ జో అనే కోళ్ళని, చూపున్న కోళ్ళని కలిపి పరీక్షించారు. ఎరుపు ఉన్న వెలుతురులో గుడ్డి కోళ్ళు కూడా గుడ్డుకి వచ్చాయి. ఆకుపచ్చ వెలుతురు వెనకబడింది.

ఎరుపే ఎందుకంటే, ఈకలు, చర్మం, ఎముక దాటి లోపలికి వెళ్ళగలిగేది ఎక్కువగా పొడవైన తరంగాలే. చీకట్లో ఫోను టార్చిని అరచేతికి ఆనించి చూడండి, అవతలి వైపు కనిపించేది ఎరుపొక్కటే. తెల్ల టార్చిలో నీలమూ ఉంది, ఆకుపచ్చా ఉంది, అవి మాంసం దాటి రాలేదు. కోడి తలలోనూ అదే జరుగుతుంది. నీలం, ఆకుపచ్చ బల్బులతో అదే ఫలితం రావాలంటే తీవ్రత చాలా ఎక్కువ ఇవ్వాలి. పైగా ఆకుపచ్చ కంటి దారిలో వెళ్ళి ఈ వ్యవస్థని కొంత అణిచిపెడుతుందని కూడా పరిశోధనల్లో తేలింది. అందుకే ఆకుపచ్చ, నీలం బ్రాయిలర్ షెడ్లలో కనిపిస్తాయి, లేయర్లలో గుడ్డు కోసం కాదు.

అసలు విషయం ఇప్పుడు చెప్తాను. ఈ రంగుల ప్రయోగాల్లో ఎక్కువ భాగం నాలుగు వైపులా మూసేసిన షెడ్లలో చేసినవి. అక్కడ కోడికి రోజంతా బల్బు వెలుతురే గతి. మీది ఓపెన్ షెడ్డు. మన దగ్గర డిసెంబరులో కూడా సుమారు 11 గంటల పగలు ఉంటుంది, జూన్‌లో 13 గంటల పావు. ఎండలో ఎరుపు పుష్కలంగా ఉంది. మీరు బల్బుతో కలిపేది తెల్లవారుజామున కొంత, సాయంత్రం కొంత, మొత్తం నాలుగైదు గంటలు. ఆ నాలుగైదు గంటలని కోడి పగలుగా లెక్కపెట్టుకోవాలి, అంతే. దానికి తగినంత ఎరుపు ఉన్న తెల్ల బల్బు చాలు. వార్మ్ వైట్, అంటే కొంచెం పసుపు తిరిగిన తెలుపు, డబ్బా మీద 2700 కె లేదా 3000 కె ఉన్నది తీసుకోండి. ఈ కె (కెల్విన్) వెలుగు రంగుని చెప్పే అంకె. లేయర్ల గైడ్లు కూడా గుడ్ల దశకి 2700 నుంచి 3500 మధ్యే వేయమంటాయి.

మీ 6500 కె బల్బు చల్ల తెలుపు. దాని లోపల ఉండేది నీలం చిప్, దాని మీద పసుపు పూత. నీలం శిఖరం ఎత్తుగా ఉంటుంది, ఎరుపు వైపుకి వచ్చేసరికి పలచబడిపోతుంది. వార్మ్ వైట్‌లో పూత వేరు, ఎరుపు ఎక్కువ. పాత సీడీ ఒకటి తీసుకుని రాత్రి పూట రెండు బల్బుల వెలుగునీ దాని మీద పడేలా పట్టి చూడండి. చల్ల తెలుపులో నీలం పట్టీ గట్టిగా, ఎరుపు అంచు సన్నగా కనిపిస్తుంది. వార్మ్ వైట్‌లో ఎరుపు, నారింజ వెడల్పుగా పరుచుకుంటాయి.

పాత 6500 కె బల్బులతో గుడ్లు రావా అంటే వస్తాయి. వాటిని పారేయక్కర్లేదు, చిక్ షెడ్డుకి వాడుకోండి. పిల్లలకి చల్ల తెలుపు బాగుంటుంది. కొత్తగా కొనేటప్పుడు మాత్రం వార్మ్ వైట్ కొనండి. రెండింటి ధరలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

---

వంశధార_పశువైద్యం

గంటల లెక్క విడిగా రాస్తున్నాను, ఇది కలిపితే గందరగోళం అవుతుంది.

రంగు మార్చితే వచ్చే లాభం కన్నా గంటలు తప్పితే పోయేది ఎక్కువ. సూత్రాలు రెండే: పెరిగే దశలో వెలుతురు గంటలు పెంచకూడదు, గుడ్డు పెట్టే దశలో తగ్గించకూడదు.

డిసెంబరు చివర మన వైపు సూర్యోదయం 6:25 ప్రాంతం, అస్తమయం 5:25 ప్రాంతం. 19వ వారంలో ఒకేసారి గంట పెంచండి: పొద్దున 5:45 నుంచి సాయంత్రం 5:45 వరకు, 12 గంటలు. 20వ వారం నుంచి వారానికి అరగంట చొప్పున, పొద్దున 15 నిమిషాలు ముందుకి, సాయంత్రం 15 నిమిషాలు వెనక్కి. 20వ వారంలో 5:30 నుంచి 6:00 వరకు, 21లో 5:15 నుంచి 6:15 వరకు, ఇలా పోతే 27వ వారానికి తెల్లవారి 3:45 నుంచి రాత్రి 7:45 వరకు 16 గంటలు వస్తాయి. అక్కడ ఆపేయండి. 16 దాటించి లాభం లేదు, మేత, కరెంటు దండగ.

బల్బు ఆర్పే వేళ, వెలిగించే వేళ సూర్యుడితో సరిగ్గా కలపొద్దు, కొంచెం ఒకదాని మీద ఒకటి పడాలి. పొద్దున 7:00 దాకా వెలగనివ్వండి. రాయగడ, కొరాపుట్ కొండల వైపు చలికాలం మంచు పడితే 7:30 అయినా షెడ్డు లోపల మసకగానే ఉంటుంది, అక్కడ ఇంకో అరగంట ఉంచాలి. సాయంత్రం 5:00కే వేసేయాలి. మధ్యలో చీకటి పడి కోడి దాన్ని రాత్రిగా తీసుకుంటే మీ లెక్కంతా పోతుంది.

ఇంకో మాట. మీ బ్యాచ్ ఆగస్టు పిల్లలు కాబట్టి పగలు తగ్గుతూ ఉండగా పెరిగింది, ముందే గుడ్డుకి వచ్చే భయం లేదు. జనవరి, ఫిబ్రవరి పిల్లలు వేసేవాళ్ళు జాగ్రత్త. అవి పగలు పెరుగుతూ ఉండగా పెరుగుతాయి, 16 వారాలకే గుడ్డు మొదలవ్వచ్చు. అలాంటి మందకి పెంపకం దశలో పొద్దునా సాయంత్రం బల్బు వేసి, అవి పెరిగే కాలంలో రాబోయే అతి పొడవు పగటికి సమానంగా మొదటి నుంచీ ఒకే గంటలు ఇవ్వాలి. అప్పుడు పగలు పెరుగుతున్న సంగతి కోడికి తెలియదు.

---

కాశీనగర్_వైరింగ్

డాక్టర్ గారు చెప్పినదానికి బల్బుల లెక్క నేను కలుపుతాను.

మీ షెడ్డు విస్తీర్ణం 2880 చదరపు అడుగులు, అంటే సుమారు 268 చదరపు మీటర్లు. మేత తొట్టి దగ్గర సగటున 20 నుంచి 30 లక్స్ (ఒక చోట పడే వెలుతురు కొలత) రావాలి. ఇప్పుడున్న 15 బల్బులు మూడు నడవలకి పంచితే నడవకి 5, అంటే 24 అడుగులకి ఒకటి. బల్బు కింద కళ్ళు చెదిరేంత వెలుగు, రెండు బల్బుల మధ్య కింది అంతస్తులో చీకటి. వాట్లు సరిపోయినా పంపకం సరిపోలేదు.

5 వాట్ల వార్మ్ వైట్ 36 తీసుకోండి. నడవకి 12, బల్బుకీ బల్బుకీ 10 అడుగులు, మొదటిది గోడ నుంచి 5 అడుగుల దగ్గర. మధ్య నడవలో బల్బులు పక్క నడవల బల్బులకి ఎదురుగా రాకుండా 5 అడుగులు జరిపి వేయండి. ఎత్తు 7 నుంచి 8 అడుగులు. బల్బు నడవ మీదే ఉండాలి, కేజ్ మీద కాదు. కేజ్ మీద వేస్తే పై అంతస్తు నీడ కింది అంతస్తు మీద పడుతుంది. వాట్‌కి 100 ల్యూమెన్లు (బల్బు ఇచ్చే మొత్తం వెలుగు కొలత) ఇచ్చే బల్బు అయితే మొత్తం 18,000 ల్యూమెన్లు. ఓపెన్ షెడ్డులో సగానికి పైగా బయటికి, పైకి పోతుంది, 40 శాతం పనికొచ్చిందనుకుంటే 27 లక్స్ దగ్గర నిలుస్తుంది. వారం వారం తుడుస్తూ ఉంటే 20 తగ్గదు.

లోడు 180 వాట్లు. రోజుకి అయిదున్నర గంటలు వెలిగితే ఒక యూనిట్.

కొనేటప్పుడు డబ్బా మీద మూడు చూడండి: 2700 కె లేదా 3000 కె, సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 80 పైన, వోల్టేజీ 100 నుంచి 300 వరకు. ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న షెడ్లలో తెల్లవారుజామున వోల్టేజీ బాగా పెరుగుతుంది, అదే మన లైటింగు వేళ. తక్కువ రేంజి డ్రైవర్లు ముందు పోయేది అప్పుడే.

నాలుగోది డబ్బా మీద ఉండదు, మీరే చూసుకోవాలి: మినుకు. చౌక డ్రైవర్ ఉన్న బల్బు సెకనుకి 100 సార్లు ఆరి వెలుగుతుంటుంది. మన కంటికి తెలియదు, కోడి కన్ను మనకన్నా వేగమైన మినుకుని పట్టగలదు. ఫోను కెమెరాని స్లో మోషన్‌లో పెట్టి బల్బు కింద గోడని తీయండి. వెలుగు కొట్టుకుంటున్నట్టు కనిపించినా, నల్ల చారలు పాకినా ఆ బల్బు వద్దు. షాపులోనే ఒకటి వెలిగించి చూసి తీసుకోండి. ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టి ఎల్ఈడీ వెలుగు తగ్గించే పని అసలు చేయకండి, మినుకు ఇంకా ఎక్కువవుతుంది.

వైరింగు పీవీసీ పైపులో, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో. ఎలుకలు కొరకని చోటు లేదు కాబట్టి పైపు లేకుండా లాగొద్దు. కేజ్ ఇనుమంతటికీ ఎర్తు ఉండాలి, మెయిన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఉండాలి. తడి చేత్తో గుడ్లు ఏరే మనుషులు ఆ కేజ్‌లని రోజంతా పట్టుకుంటారు. ఎండాకాలం ఫాగర్లు (నీటి తుంపర చల్లేవి) వేస్తారు కాబట్టి హోల్డరుకి మూత ఉన్న జార్ తొడుగు వాడండి. అమ్మోనియా, తేమ కలిసి హోల్డరు పిన్నులు పచ్చగా చిలుము పడతాయి, బల్బు బాగానే ఉన్నా వెలగదు.

---

రాయగడ_ఫారం

నీలం బల్బుల సంగతి మా వైపు ఫారం అని రాశారు కాబట్టి చెప్తున్నాను. నీలంలో కోళ్ళు నెమ్మదిగా ఉండడం నిజమే, ఆ వెలుతురులో వాటికి సరిగా కనబడదు. అందుకని రాత్రి పూట వ్యాక్సిన్‌కి పట్టేటప్పుడు, కల్ బర్డ్స్ (పనికిరాక తీసేసే కోళ్ళు) ఎత్తేటప్పుడు ఒకటి రెండు నీలం బల్బులు పనికొస్తాయి. తక్కిన లైట్లు ఆర్పి నీలం వేస్తే పట్టడం సులువు, రెక్కలు విరగవు. గుడ్డు కోసం మాత్రం కాదు.

ఎరుపు విషయంలో డాక్టర్ గారితో నాకు కొంచెం తేడా ఉంది. పొడుచుకునే మందకి ఎరుపు చాలా మేలు. రక్తం, ఎర్రటి గాయం ఆ వెలుతురులో వేరుగా కనిపించవు, ఒకటి పొడిచిన చోట మిగతావి పొడవవు. కాబట్టి పూర్తి ఎరుపు వద్దనేయకూడదు.

---

వంశధార_పశువైద్యం

ఆ ఉపయోగం ఉంది అన్నా, ఒప్పుకుంటాను. కానీ పగలు 11 గంటలు ఎండ వెలుతురు పడే షెడ్డులో పొడుచుకోవడం జరిగేది ఎక్కువగా పగలే, సాయంత్రం ఎర్ర బల్బు దాన్ని ఆపలేదు. మూసిన షెడ్డులో అయితే మీ మాట నూటికి నూరుపాళ్ళు. ఓపెన్ షెడ్డులో పొడుచుకుంటున్నాయంటే ముక్కు కత్తిరింపు సరిగా పడిందా, మేతలో ఉప్పు, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తగ్గాయా, పడమటి ఎండ నేరుగా కేజ్ మీద పడుతోందా, ఇవి చూడాలి. పడమటి వైపు గోనె పట్టా దించితే సగం గొడవ తగ్గుతుంది.

పూర్తి ఎరుపుతో ఇంకో ఇబ్బంది మనుషులకి. ఆ వెలుతురులో పనివాళ్ళకి రెట్ట రంగు తెలియదు, నెత్తుటి విరేచనం తెలియదు, పగిలిన గుడ్డు తెలియదు, తల పాలిపోయిన కోడి తెలియదు. తెల్లవారి 4 గంటలకి షెడ్డు తిరిగే మనిషి చూడాల్సినవే అవి.

---

గుణుపురం_లేయర్

చాలా ధన్యవాదాలు డాక్టర్ గారూ, అన్నలూ. మూడు సందేహాలు మిగిలాయి. పాత తెల్ల బల్బులకే ఎర్ర రంగు పూస్తే, లేదా ఎర్ర కాగితం చుడితే సరిపోదా? లక్స్ కొలవడానికి ఫోను యాప్ చాలా? ఇంకా, బల్బులు మార్చాక తేడా వచ్చిందో లేదో ఎన్నాళ్ళకి తెలుస్తుంది?

---

కాశీనగర్_వైరింగ్

రంగు పూయొద్దు. పూత కొత్త ఎరుపుని తయారు చేయదు, ఉన్నదాంట్లో మిగతా రంగుల్ని ఆపేస్తుంది, అంతే. 6500 కె బల్బులో ఎరుపే తక్కువ, పూత వేశాక మిగిలేది ఇంకా తక్కువ. కంటికి ఎర్రగా కనిపిస్తుంది, కోడికి చేరేది చాలా తక్కువ. పైగా కాగితం వేడికి అంటుకునే ప్రమాదం, డ్రైవర్ వేడెక్కి బల్బు పోయే ప్రమాదం. షాపుల్లో దొరికే అర వాట్ ఎర్ర జీరో బల్బులు కూడా ఇంతే, షెడ్డుకి చాలవు.

ఫోను యాప్ అంకెలు ఒక్కో ఫోనులో ఒక్కోలా వస్తాయి. ఒకే ఫోనుతో రెండు చోట్ల తేడా పోల్చుకోవడానికి పనికొస్తుంది, అసలు లక్స్ కావాలంటే చిన్న మీటరు కొనుక్కోండి లేదా ఎవరి దగ్గరన్నా తెచ్చుకోండి. రాత్రి బాగా చీకటి పడ్డాక, మీటరు కన్ను పైకి ఉండేలా మేత తొట్టిలో పెట్టి కొలవాలి. రెండు బల్బుల సరిగ్గా మధ్యన, కింది అంతస్తులో 10 తగ్గకూడదు. బల్బుకి దగ్గరగా పై అంతస్తులో 40 దాటకూడదు. ఇంకో సంగతి, ఆ మీటరు మనిషి కంటి కొలతకి చేసినది. మన కన్ను ఎరుపుని తక్కువ పట్టుకుంటుంది కాబట్టి ఎర్ర బల్బు కింద అంకె తక్కువ చూపిస్తుంది. తెల్ల బల్బు లక్స్‌తో ఎర్ర బల్బు లక్స్‌ని పోల్చి ఇది మంచిది, అది మంచిది అనుకోవడానికి లేదు.

---

వంశధార_పశువైద్యం

మూడో దానికి జవాబు: మీది కొత్త మంద కాబట్టి పాత బల్బుతో పోలిక దొరకదు. లైటు పెంచిన రెండు మూడు వారాలకి మొదటి గుడ్లు వస్తాయి. అక్కడి నుంచి రోజువారీ శాతం రాసుకోండి: ఆ రోజు గుడ్లు, ఆ రోజు బతికున్న కోళ్ళతో భాగించి వందతో హెచ్చించాలి. దాన్ని బ్రీడర్ చార్టు గీత పక్కన పెట్టుకోండి. నడుస్తున్న మందలో బల్బు రంగు మార్చినవాళ్ళు నాలుగు వారాలు ఆగాలి, ఆ నాలుగు వారాల్లో మేత ఫార్ములా, గంటలు, మందులు ఏదీ మార్చకూడదు. ఒకే షెడ్డులో సగం వార్మ్, సగం చల్ల తెలుపు పెట్టి పోలుస్తామంటే కుదరదు, వెలుగు అటు నుంచి ఇటు కలిసిపోతుంది.

---

పర్లాకిమిడి_పౌల్ట్రీ

మధ్యలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మా దగ్గర 42 వారాల మంద ఉంది. 90 శాతం మీద ఉన్నది మూడు వారాల్లో 84కి వచ్చింది. మేత, నీళ్ళు మారలేదు, జబ్బు లక్షణాలు కనబడలేదు, చావులు మామూలే. మెడ దగ్గర కొన్ని ఈకలు రాలుతున్నాయి. బల్బులు వార్మ్ వైట్‌వే. టైమర్ తెల్లవారి 4:00కి పెట్టి ఉంది, మేము షెడ్డుకి వెళ్ళేది ఆరున్నరకి. రంగు బల్బులు మార్చి చూడమంటారా?

---

కాశీనగర్_వైరింగ్

బల్బులు మార్చకముందు రేపు తెల్లవారి 4:00కి షెడ్డు ముందు నిలబడి చూడండి అన్నా. టైమర్ ఏ రకం? గుండ్రటి చక్రం, చుట్టూ పిన్నులు ఉన్న అనలాగ్ టైమర్ అయితే కరెంటు పోయినంతసేపు అదీ ఆగిపోతుంది. రోజుకి 20 నిమిషాలు కరెంటు పోతే వారం తిరిగేసరికి రెండు గంటలకు పైగా వెనకబడుతుంది. బల్బులు 4:00కి బదులు 6:20కి వెలుగుతాయి, మీరు వెళ్ళేసరికి వెలుగుతూనే ఉంటాయి కాబట్టి అనుమానం రాదు.

---

పర్లాకిమిడి_పౌల్ట్రీ

అనలాగే. ఇప్పుడే వెళ్ళి చూశాను, చక్రం మీద టైము అసలు టైముకి గంటా యాభై నిమిషాలు వెనక ఉంది. సాయంత్రం లైట్లు కూడా ఆలస్యంగా వెలిగి ఆలస్యంగా ఆరుతున్నాయన్నమాట.

---

వంశధార_పశువైద్యం

అదే కారణం కావచ్చు. సాయంత్రం 5:25కి పొద్దు గుంకి, 5:00కి వెలగాల్సిన బల్బు 6:50కి వెలిగితే మధ్యలో గంట దాకా చీకటి. పొద్దున వైపు గంటలు పోయాయి. కోడికి పగలు కుదించుకుపోయింది, మెడ ఈకలు రాలడం అందుకే. ఇవాళే టైము సరిచేసి 16 గంటలకి తీసుకురండి. పోగొట్టిన గంటలు తిరిగి ఇవ్వడానికి మెల్లగా పెంచే పని లేదు. రెండు మూడు వారాల్లో ఎక్కడానికి మొదలుపెడుతుంది, ఈకలు పూర్తిగా రాల్చడం మొదలుపెట్టిన కోళ్ళు మాత్రం ఆలస్యం చేస్తాయి.

దీంతో పాటు మేత కూడా ఒకసారి చూసుకోండి. నవరంగపూర్ నుంచి వచ్చే మొక్కజొన్న వానాకాలం చివర తేమతో వస్తుంది, 14 శాతం దాటితే బూజు, దాని నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం. గుడ్లు తగ్గడానికి వెలుతురు, బూజు మేత రెండూ ఒకేసారి కారణమైన షెడ్లు తక్కువేం కాదు. గుడ్డు పెంకు రంగు, గట్టితనం పడిపోతే మాత్రం ఆలస్యం చేయకుండా ఐబీ (ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్), ఈడీఎస్ (ఎగ్ డ్రాప్ సిండ్రోమ్) అనే వైరస్ జబ్బులకి రక్తం పరీక్ష చేయించండి.

---

కాశీనగర్_వైరింగ్

టైమర్ మార్చేయండి. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకుంటే కరెంటు పోయినా గడియారం నడుస్తుంది. రెండు ఆన్, రెండు ఆఫ్ పెట్టుకోవచ్చు. 180 వాట్ల లాంటి చిన్న లోడుకి కాంటాక్టర్ (పెద్ద లోడుకి వేసే స్విచ్) కూడా అక్కర్లేదు, నేరుగా టైమర్ గుండా పోనివ్వండి. నెలకోసారి ఫోను టైముతో సరిచూడండి. ఆ బ్యాటరీ కొన్నేళ్ళకి అయిపోతుంది, అప్పుడు ఇది కూడా అనలాగ్‌లా తప్పు టైము చూపిస్తుంది.

కరెంటు కోత సంగతి: 36 బల్బులకి 150 ఏహెచ్ బ్యాటరీ, ఇన్వర్టర్ ఉంటే అయిదు గంటల పైన లాగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ లాంటి తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేకపోతే చిన్న జనరేటర్ తప్పదు. అప్పుడు కూడా బల్బులన్నీ వెలిగించక్కర్లేదు, నడవకి ఒకటి విడిచి ఒకటి వెలిగించి గంటలు మాత్రం తగ్గకుండా చూడండి. మసకైనా ఆ వేళకి వెలుతురు ఉండాలి.

---

పద్మపురం_పెరటికోళ్ళు

మాకు పెరట్లో వనరాజా (పెరటి పెంపకానికి తయారు చేసిన రకం) 25, నాటు పెట్టలు 10 ఉన్నాయి. చలికాలం గుడ్లు దాదాపు ఆగిపోతాయి. మాకూ ఈ వార్మ్ బల్బు పనిచేస్తుందా? ఎండాకాలం అర్ధరాత్రి లైటు వేయాలని కూడా విన్నాను.

---

వంశధార_పశువైద్యం

గూడులో 5 వాట్ల వార్మ్ వైట్ ఒకటి చాలు, తెల్లవారి 4:00 నుంచి సూర్యోదయం దాకా. సాయంత్రం వేయకండి. పెరటి కోళ్ళు వాటంతట అవి దండెం ఎక్కి పడుకోవాలి, బల్బు టక్కున ఆరితే నేల మీదే చిక్కుకుపోతాయి, పిల్లి, ముంగిస పని సులువవుతుంది. పొద్దున లైటుకి ఆ ఇబ్బంది లేదు. గుడ్డుకి వచ్చిన పెట్టలకే ఇవ్వండి, 20 వారాల లోపు పిల్లలు వేరే గూట్లో ఉండాలి. లైటు వేసి మేత పెట్టకపోతే ఫలితం ఉండదు, తలకి 30 నుంచి 40 గ్రాముల లేయర్ మేష్ (గుడ్ల కోళ్ళ పిండి మేత) ఉదయం వేయండి, కాల్షియం కోసం గుల్ల విడిగా గిన్నెలో పెట్టండి. వనరాజా పెరట్లో ఏడాదికి సుమారు 100 నుంచి 110 గుడ్లు పెట్టే రకం, బల్బుతో అది బీవీ-300 అయిపోదు. ఆగిన నెలల్లో కొన్ని గుడ్లు దొరుకుతాయి. ఈకలు రాలుస్తున్న పెట్టని, పొదుగు మీద కూర్చున్న నాటు పెట్టని లైటు లేపలేదు.

అర్ధరాత్రి లైటు కేజ్ లేయర్లకి. ఎండకి పగలు మేత తినక, పెంకు పలచబడినప్పుడు వాడతారు. 7:45కి ఆర్పి 3:45కి వేసే షెడ్డులో 11:15 నుంచి 12:15 వరకు ఒక గంట ఇస్తే ముందు మూడున్నర గంటలు, వెనక మూడున్నర గంటలు చీకటి మిగులుతుంది. రెండు వైపులా కనీసం మూడు గంటలు ఉండాలి. పెంకు తయారయ్యేది రాత్రే కాబట్టి ఆ గంటలో తిన్న కాల్షియం నేరుగా అక్కడికి పోతుంది. ఆ వేళకి తొట్టిలో మేత, చల్లటి నీళ్ళు ఉండాలి. ఎండలు తగ్గాక ఒక్కసారి ఆపకండి, వారానికి 15 నిమిషాలు తగ్గిస్తూ తీసేయండి.

---

గుణుపురం_లేయర్

అర్థమైందండి. 36 వార్మ్ వైట్, 10 అడుగుల దూరం, డిజిటల్ టైమర్, సోమవారం 5:45 నుంచి 5:45. పాత బల్బులు చిక్ షెడ్డుకి.

---

కాశీనగర్_వైరింగ్

బల్బులు 40 కొనండి, నాలుగు స్పేర్ ఉంచుకోండి. ఒకటి పోతే ఆ 10 అడుగుల్లో దగ్గర దగ్గర 80 కోళ్ళకి వెలుతురు తగ్గినట్టే, ఆ రోజే మార్చాలి. వారానికోసారి మెయిన్ ఆపి పొడి గుడ్డతో తుడవండి, వరండా బల్బులా వదిలేస్తే మేత దుమ్ము పొర కట్టి 27 లక్స్ 15కి దిగుతుంది. మొదటి రాత్రి చీకటి పడ్డాక మీటరుతో కొలిచి ఆ అంకెలు టైమర్ పెట్టె మూత లోపల రాసి పెట్టుకోండి, ఆరు నెలల తరవాత మళ్ళీ కొలిచినప్పుడు పోల్చుకోవడానికి.